భర్త పూచీ మీద

మార్చి 4

విప్లవం వచ్చి ఏడాది తిరగలేదు, అప్పుడే దానికి పొట్ట వచ్చింది. ఇవాళ విద్యాశాఖలో సమావేశం. పాత దొర పారిపోయిన భవనంలో, పాత దొర కుర్చీల్లో కూర్చుని, పెద్దమనుషులంతా సమానత్వం అనే మాటను పిప్పరమెంటు బిళ్ళలా చప్పరిస్తున్నారు. నిన్నటి దాకా దొరకు వంగి దండం పెట్టిన నడుములే. ఇప్పుడు నిటారుగా నిలబడలేక నొప్పి పెడుతున్నట్టున్నాయి.

బడి పిల్లలకు 'పౌరధర్మం' పుస్తకం ఎప్పటికి పూర్తవుతుందని ఒకాయన అడిగాడు. దర్జీని చొక్కా ఎప్పుడిస్తావని అడిగినట్టు. పూర్తయిందని బల్లమీద పెట్టాను. మొదటి అధ్యాయం రాజ్యం, రెండోది ఆస్తి, మూడోది స్త్రీపురుష ధర్మాలు. నా ఇరవయ్యేళ్ళ తత్త్వశాస్త్ర బోధనంతా మొదటి రెండింట్లో ఉంది. వాటిని ఎవడూ తెరవలేదు. మూడోది మాత్రం అందరూ చదివి తలలూపారు.

ఇంతమంది మూర్ఖులు ఒప్పుకున్నారంటే నా వాదంలో ఏదైనా తేడా ఉందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ మూర్ఖుడు కూడా గడియారం చూసి టైము సరిగ్గానే చెప్పగలడు కదా.

రాత్రి భోజనాల దగ్గర ముఖ్యమైన వాక్యం చదివి వినిపించాను: "ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. నీటిలో ఉప్పు కరిగి ఉన్నట్టు భార్య సంకల్పం భర్త సంకల్పంలో కరిగి ఉంటుంది."

మా ఆవిడ నా గ్లాసులో నీళ్ళు పోస్తూ అంది: "ఉప్పు కరిగాక వాటిని మంచినీళ్ళు అనరు కదండీ."

మా అక్కయ్యకు పొలమారింది. చమత్కారం వేరు, తర్కం వేరు. 

మార్చి 12

మా ఆవిడ గురువారాలు బయటికి వెళుతోంది. రొట్టెల దుకాణం మేడ మీద గదిలో ఆడవాళ్ళ సంఘమట. దుకాణం నడిపే వితంతువు, పక్కవీధి ఇస్త్రీ ఆమె, ఇద్దరు పంతులమ్మలు, ఇంకెవరో. అల్లికలు నేర్చుకుంటూ ఉంటారు. మంచిదే, చలికాలానికి స్వెట్టరు వస్తుంది.

మార్చి 19

పుస్తకం అచ్చయింది. అట్ట మీద రంగు దరిద్రంగా ఉంది.

స్వెట్టరు సంగతి అడిగాను. మా ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసి "ఏ స్వెట్టరు?" అంది. ఆడవాళ్ళు ఏ పనీ మొదలుపెట్టి పూర్తి చేయరు.

మార్చి 27

ప్రభుత్వం ఆడవాళ్ళ సంఘాలన్నిటినీ మూసేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కారణం కింద నా వాక్యాన్నే వేశారు, ఉప్పుతో సహా. 'ప్రముఖ తత్త్వవేత్త' అని నా ప్రస్తావన ఉంది. ఆ ప్రభుత్వం అంటే నాకు గౌరవం లేదు. అయినా దాన్ని రెండుసార్లు చదివాను, అచ్చుతప్పుల కోసం.

మార్చి 28

మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి అక్కయ్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒరేయ్, నీ పెళ్ళాన్ని పట్టుకుపోయారురా."

"ఎవరు?"

"నీ పుస్తకం."

కొంచెం ఊపిరి తీసుకుని అసలు సంగతి చెప్పింది. గది ఖాళీ చేయమని పోలీసులు వస్తే వీళ్ళు మెట్లకు బల్లలు అడ్డం పెట్టి దిగిరామన్నారట. బల్లలు లాగేసి అందరినీ బండెక్కించారట. మా ఆవిడ బండెక్కుతూ, అన్నం పొయ్యి మీద ఉందని వదినకు చెప్పమని ఎవరితోనో కబురు పంపిందట.

అన్నం మాడిపోయింది. అక్కయ్య తినకుండా కూర్చుంది. నేను తిన్నాను. ఎవరో ఒకరు స్థిమితంగా ఉండాలి.

మార్చి 29

పోలీసు ఆఫీసులో అధికారి నా పాత శిష్యుడే. క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయేవాడు. రెండేళ్ళు తప్పాడు. విప్లవం అలాంటివాళ్ళకు కుర్చీలు వేసింది. అయినా నన్ను చూసి లేచాడు. కాఫీ తెప్పించాడు.

"మీరేం కంగారు పడకండి సార్. మీ పుస్తకంలోనే దారుంది. భార్యకు సొంత సంకల్పం లేదన్నారు కదా. లేనప్పుడు నేరమెక్కడిది? విచారణలో 'ఆవిడకు తెలియదు, నా పూచీ' అని ఒక్క ముక్క చెప్పండి. ఇంటికి తీసుకెళ్ళిపోండి."

"మిగతా వాళ్ళు?"

"మొగుడో తండ్రో అన్నో వచ్చి పూచీ పడితే వదిలేస్తాం. ఎవరూ లేనివాళ్ళు ఉంటారు లోపల."

నా వాదాన్ని ఇంత శుభ్రంగా అర్థం చేసుకున్నవాడు వీడొక్కడే. వెనక బెంచీవాడు! రొట్టె విరిగి నేతిలో పడిందంటే ఇదే. మనిషిని విడిపించలేని తత్త్వం తత్త్వం కాదని క్లాసులో ఎన్నిసార్లు చెప్పాను.

ఏప్రిల్ 2

విచారణ జరిగింది. న్యాయాధికారి పాత ప్లీడరు, గడ్డం పెంచాక విప్లవకారుడయ్యాడు. లోకమంతా ఆయన్ని గడ్డపాయన అనే అంటుంది. ఆ హాల్లోకి ముద్దాయిలుగా తప్ప ఆడవాళ్ళను రానివ్వరు.

"మీ భార్యకు తాను చేసిందేమిటో తెలుసా?" అని నన్ను అడిగాడు.

"తెలియదు. నా పూచీ" అన్నాను.

మా ఆవిడ బోనులోంచి గట్టిగా అంది: "తెలుసు. తెలిసే చేశాను."

గడ్డపాయన ఆమె వైపు చూడనే లేదు. నా వైపు చూసి, "ఏమంటారు?" అన్నాడు.

"ఆవేశంలో అంటోంది" అన్నాను.

విడుదల. రొట్టెలామెను, ఇస్త్రీ ఆమెను లోపలికి తీసుకుపోయారు. ఒకామెకు భర్త పోయాడు, ఇంకొకామెకు భర్త ఎక్కడున్నాడో తెలియదు. రొట్టెలామె వెళుతూ మా ఆవిడ కొంగు సర్ది వెళ్ళింది.

దారి పొడవునా మా ఆవిడ నాకు రెండడుగులు వెనక నడిచింది. ఎన్నడూ అలా నడిచే మనిషి కాదు. అలసిపోయి ఉంటుంది.

ఏప్రిల్ 3

మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 5

మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఇంత ప్రశాంతతలో నాలుగో అధ్యాయం చకచకా సాగాలి. ఒక వాక్యం రాశాను. కొట్టేశాను.

మా ఆవిడ ప్రతి మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని జైలుకు వెళ్ళి, ఆ ఇద్దరికీ అన్నం ఇచ్చి వస్తోంది. నా అనుమతి అడగలేదు. నిజానికి అనుమతి ఉన్నట్టే. ఆమె సంకల్పం నా సంకల్పంలో ఉంది గనక, నాకు తెలియకుండానే నేను ఒప్పుకుని ఉంటాను.

ఈ వాక్యం మళ్ళీ చదివాను. క్లాసులో ఎవడైనా ఇలా రాస్తే సున్నా వేసేవాణ్ణి.

ఏప్రిల్ 9

మార్కెట్లో మా ఆవిడ ఉపన్యాసం ఇచ్చిందట! బంగాళాదుంపల బస్తాలు ఎక్కి నిలబడి! నాకీ సంగతి కాలేజీలో రసాయనశాస్త్రం ఆయన చెప్పాడు. పళ్ళికిలిస్తూ.

ఇంటికి వచ్చి అడిగాను. "ఏం మాట్లాడావు?"

ఇన్ని రోజుల తర్వాత నోరు విప్పింది. "మీకు తెలియదా? మీలో కరిగి ఉన్నాను కదా."

అక్కయ్య చీపురు పట్టుకుని గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి.

ఏప్రిల్ 10

నన్ను అరెస్టు చేశారు.

ఏప్రిల్ 11

గది చిన్నది. తడి. దుప్పటి వాసన గురించి రాయను. రచయితనని కాగితాలు, పెన్సిలు ఇచ్చారు. ఈ రాజ్యం కటకటాల వెనక మాత్రమే రచయితలను గౌరవిస్తుంది.

వెనక బెంచీవాడు వచ్చాడు. ఈసారి కాఫీ లేదు.

"ఏం చేయమంటారు సార్? పూచీ మీది. సొంత సంకల్పం లేని మనిషి తప్పు చేస్తే, ఆ సంకల్పం ఎవరిదో వాళ్ళే నేరస్థులు. మీ పుస్తకం అరవై రెండో పేజీ."

"అది నాకు తెలుసు. నేనే రాశాను."

"అందుకే సార్. బయటపడే దారి ఒక్కటే. 'ఆవిడ సొంత బుద్ధితో చేసింది, నాకు సంబంధం లేదు' అనండి. మిమ్మల్ని వదిలేస్తాం. ఆవిణ్ణి తెస్తాం."

"అలా అంటే మూడో అధ్యాయం అబద్ధమవుతుంది."

"అవుతుంది మరి."

"నా ఆజ్ఞ ప్రకారమే మాట్లాడింది. అలాగే రాసుకో."

వాడు నోరు తెరిచాడు. వాడికి అర్థం కాదు. ఒక మనిషి తన సిద్ధాంతం కోసం నిలబడటం వీళ్ళు ఎక్కడ చూశారు గనక. వర్షం పడితే చాలు, ఈ గదిలో గోడల వెంబడి నీళ్ళు కారుతున్నాయి. మా ఆవిడకు కీళ్ళనొప్పులు. దానికీ నా నిర్ణయానికీ సంబంధం లేదు. సిద్ధాంతం సిద్ధాంతమే.

ఏప్రిల్ 13

మా ఆవిడ చూడటానికి వచ్చింది. కన్నీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. ఓదార్చడానికి రెండు మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా. ఆమె మొహం కందగడ్డలా ఉంది.

"నా మాటలు కూడా మీవే అన్నారట?"

"నిన్ను కాపాడటానికి కాదు, సిద్ధాంతం..."

"ఇల్లు మీది, పేరు మీది, మీ మాటలన్నీ ఎలాగూ మీవే. నా జన్మలో నేను మాట్లాడిందే ఒక్కసారి. అదీ ఎత్తుకుపోయారా?"

"లేకపోతే నిన్ను లోపల వేస్తారు."

"వేయనివ్వండి! జైలుకు పోవాలని నాకేం సరదా కాదు. లెక్కలోకి రావాలనుంది. నేనన్నది నేనే అన్నానని ఒక్కడైనా రాసుకోవాలనుంది. మీకు అర్థమవుతుందా అసలు?"

"అవుతుంది" అన్నాను. ఈ మాట ఎందుకన్నానో తెలియదు. అర్థం కావడానికి ఇందులో పెద్ద తత్త్వమేముంది.

క్యారియరు ఇచ్చి వెళ్ళింది. కోపంలో ఉన్నా పచ్చడి మర్చిపోలేదు. మర్చిపోతే బాగుండేది. ఇలాంటివాటి వల్లే మనిషికి తర్కం జారిపోతుంది.

ఏప్రిల్ 15

గడ్డపాయనకు అనుమానం వచ్చిందట. ఆ ఉపన్యాసం నేనే చెప్పించి ఉంటే, విచారణలో నా నోటితో చెప్పి వినిపించాలట. పోలీసుల దగ్గర దాని నకలు ఉంది, పోల్చుకుంటారు. చెప్పలేకపోతే అబద్ధపు సాక్ష్యం కింద ఇంకో శిక్ష.

నాకు అందులో ఒక్క ముక్క తెలియదు. వందల పుస్తకాలు చదివాను. నా భార్య బస్తాలెక్కి ఏం మాట్లాడిందో ఊళ్ళో కూరగాయలు కొనేవాళ్ళందరికీ తెలుసు, నాకు తెలియదు.

ఏప్రిల్ 16

మా ఆవిడకు సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుంది.

"నేర్చుకోండి. కానీ ఒక్క మాట మార్చడానికి వీల్లేదు."

"వ్యాకరణం కూడా?"

"అసలు మార్చకూడదు."

మొదలుపెట్టింది: "అక్కల్లారా, చెల్లెళ్ళారా అనను. అలా పిలిచి పిలిచే మనల్ని ఇంట్లోకి తోశారు. పొరుగువాళ్ళారా అంటాను."

"ఉపోద్ఘాతం బలహీనంగా ఉంది" అన్నాను.

"మళ్ళీ చెప్పండి" అంది.

ఏప్రిల్ 18

నాకు కంఠస్థం రాదు. చిన్నప్పుడు వచ్చేది. ఆవిడ బెత్తం లేని పంతులమ్మ. ఒక చోట 'మా ఆయన' అని వస్తుంది. దాన్ని 'నేను' అని మార్చాలని ఎంత చెప్పినా వినలేదు.

"నేను చెబితే 'మా ఆయన' అనడం హాస్యాస్పదంగా ఉంటుంది."

"మీరు చెబితే ఉంటుంది. నేను చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు."

గట్టిగా పలకమంటుంది. బస్తాల మీద నిలబడినట్టు పలకమంటుంది. కాపలావాడు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. వాడికప్పుడే సగం వచ్చేసింది. గోడ అవతలి నుంచి ఇస్త్రీ ఆమె దగ్గుతూ, నేను తప్పిన చోటల్లా గోడ మీద కొడుతుంది.

ఆ ఉపన్యాసంలో తర్కం ఉందని ఒప్పుకోను. వరస ఉంది, అంతే. ఒక మాట లాగితే రెండోది వస్తుంది. నా నాలుగో అధ్యాయంలో ఆ మాత్రం వరస కూడా లేదు.

ఏప్రిల్ 22

హాలు నిండిపోయింది. కిటికీల అవతల వీధంతా ఆడవాళ్ళు. లోపలికి రానివ్వరు కాబట్టి చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. అక్కయ్య అందరికంటే ముందు ఉంది, ఒక పోలీసువాడి భుజాన్ని ఆసరా చేసుకుని. మా ఆవిడ ఆమె పక్కన.

"మొదలుపెట్టండి" అన్నాడు గడ్డపాయన, చేతిలో నకలు పట్టుకుని.

బస్తాల మీద నిలబడినట్టే పలికాను.

"అక్కల్లారా, చెల్లెళ్ళారా అనను. అలా పిలిచి పిలిచే మనల్ని ఇంట్లోకి తోశారు. పొరుగువాళ్ళారా అంటాను. మొన్న నన్ను విడిచిపెట్టారు, నాకు బుద్ధి లేదని మా ఆయన చెప్పాడు కాబట్టి..."

హాలు ఘొల్లుమంది. గడ్డపాయన బల్ల మీద చరిచాడు.

"ఎవరాయన?"

"ఆవిడ ఆయన."

"అంటే?"

"నేనే."

"మీకు బుద్ధి లేదని మీరే చెప్పారా?"

"వాక్యం అలాగే ఉంది" అన్నాను.

నవ్వు అణగడానికి చాలాసేపు పట్టింది. మళ్ళీ అందుకున్నాను. "రొట్టెలామెను విడిచిపెట్టలేదు, ఆమెకు బుద్ధి లేదని చెప్పడానికి మొగుడు లేడు కాబట్టి. అంటే మొగుడు పోతే ఆడదానికి బుద్ధి వస్తుందన్నమాట. అదే నిజమైతే ఈ దేశంలో మనం తెలివి తెచ్చుకోవడానికి దగ్గరి దారి ఏమిటో నేను చెప్పను, మీరే ఆలోచించుకోండి."

ఈసారి కిటికీల అవతల నవ్వారు. నాకు ఒక్కసారిగా చెమట పట్టింది. తర్వాతి మాట రాలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను.  వెనక బెంచీవాడు నేల చూస్తున్నాడు.

కిటికీలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది, పిల్లవాడికి పాఠం అందించినట్టు: "శిక్ష వేయడానికి..."

"శిక్ష వేయడానికి మాకు బుద్ధి ఉందంటారు," అని అందుకున్నాను. "ఓటు వేయడానికి లేదంటారు. ఒక్క బుర్రలో... ఒక్క బుర్రలో..."

"రెండు బుద్ధులు," అంది కిటికీ.

"రెండు బుద్ధులు ఎక్కడుంటాయి? లేదంటే మా రొట్టెలామెను వదలండి. ఉందంటే మమ్మల్ని సభలో కూర్చోనివ్వండి. ఏదో ఒకటి తేల్చండి. మేం ఇక్కడే ఉంటాం."

ఎవరూ నవ్వలేదు. ఎన్నిసార్లు వల్లించానో ఆ వాక్యాన్ని. హాలు మధ్య నిలబడి పలికినప్పుడు అది ఇంకో రకంగా ఉంది. నేను దానికి జవాబు వెతుక్కున్నాను. ఒక అలవాటుగా. మూడో అధ్యాయం మొత్తం మనసులో తిరగేశాను.

గడ్డపాయన నకలు పక్కన పెట్టాడు. "ఇంతకీ ఇవి ఎవరి మాటలు?"

నావి అనాలి. అందుకే కదా ఇన్నాళ్ళు తడిగోడల మధ్య ఉన్నది. నావి అంటే శిక్ష నాకు, ఇల్లు ఆవిడకు, పుస్తకం పదిలం. కిటికీ వైపు చూశాను. ఆవిడ చువ్వలు పట్టుకుని నా నోటి వైపు చూస్తోంది.

"ఆవిడవి," అన్నాను. "నేను వల్లించానంతే. ఇంకా సరిగ్గా రాలేదు."

అలసట. పస్తు. గాలి లేకపోవడం. కారణాలు చాలా ఉన్నాయి.

"అయితే ఆవిణ్ణి లోపలికి పిలవండి" అన్నాడు గడ్డపాయన. అక్కయ్య దారి చేసింది. మా ఆవిడ వచ్చి బోనులో నిలబడింది. గుమాస్తా అలవాటు కొద్దీ అడిగాడు: "పూచీ ఎవరు?"

"నాకు నేనే" అంది.

గుమాస్తా గడ్డపాయన వైపు చూశాడు. గడ్డపాయన కిటికీల వైపు చూశాడు. కిటికీల్లో జనం అలాగే ఉన్నారు. చివరికి "రాసుకో" అన్నాడు.

ఏప్రిల్ 23

నన్ను వదిలేశారు. మా ఆవిడకు వేసవి అయ్యేవరకు శిక్ష. పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళింది లోపలికి. ఇంత కాలం కాపురం చేశాను, ఆ నడక ఎన్నడూ చూడలేదు.

ఆవిణ్ణి సొంత బుద్ధి ఉన్న మనిషిగా విచారించాక, పూచీల మీద వదిలేసిన వాళ్ళ సంగతేమిటని ప్లీడర్లు కొట్టుకుంటున్నారు. విద్యాశాఖ మూడో అధ్యాయాన్ని కత్తిరించి పుస్తకాలు పంచుతోంది. మొదటి రెండింటినీ ఇప్పటికీ ఎవడూ చదవలేదు.

అక్కయ్య వంట చేసి, నా ముందు కంచం పెట్టి, "తిను. రేపటి నుంచి క్యారియరు నువ్వే పట్టుకెళ్ళాలి" అంది.

"నాకు కాలేజీ ఉంది."

"ఉంటే?"

ఏప్రిల్ 24

క్యారియరుతో వెళ్ళాను. జైలు గేటు దగ్గర ఆడవాళ్ళ వరస. మధ్యలో నేనొక్కణ్ణే మగవాణ్ణి. ముందున్న ముసలావిడ నా క్యారియరు చూసి, "మూత సరిగ్గా పెట్టలేదు నాయనా, కారిపోతుంది" అని తనే సరిచేసింది. ఇలాంటి జ్ఞానంతోనే వీళ్ళు సభలో కూర్చుంటారు కాబోలు.

నా వంతు వచ్చింది. నా పేరు చెప్పాను. ఆమె భర్తనని చెప్పాను. తత్త్వశాస్త్రం ఆచార్యుణ్ణని కూడా చెప్పాను. గేటువాడు లోపలికి వెళ్ళి అడిగి వచ్చాడు.

"క్యారియరు ఇచ్చి వెళ్ళమన్నారు. ఇవాళ ఎవరినీ చూడరట. లోపల సంఘం మీటింగు ఉందట."

"నేను ఆమె భర్తనయ్యా!"

"చెప్పానండీ. ఖైదీ రమ్మంటేనే పంపాలి. ఆవిడ ఇష్టం."

"రేపు చూస్తుందా?"

"అదీ ఆవిడ ఇష్టమేనండీ."

ఖైదీ ఇష్టం! ఇదొక రాజ్యం, ఇదొక చట్టం. ఇంట్లో లేనిది జైల్లో ఇచ్చారు. ఇలాంటి చోట ఒక్క క్షణం నిలబడకూడదని వెనక్కి తిరిగాను.

గేటు పక్కన బెంచీ ఉంది. కూర్చున్నాను. ఎండ ఎక్కువగా ఉంది, నడవలేను. సాయంత్రం మబ్బు పట్టింది. వాన వచ్చేలా ఉంది, అందుకని కూర్చున్నాను.